తీసేసిన చుక్కలు

బూడిద గుమ్మడికాయ ముక్కల్ని ఉప్పు వేసి మూట కట్టి, నీళ్ళు పిండేసి, రుబ్బిన మినప్పిండిలో పచ్చిమిరపకాయల ముద్ద, ఇంగువతో కలిపి ఎండలో పెడితే, మొదటి గంటలో ఒక వాసన వస్తుంది. ఆ తరవాత ఎండ దాన్ని తాగేస్తుంది, వడియం వడియంలా మిగులుతుంది. మొన్న అక్టోబరులో అమెరికాలో, బెంటన్‌విల్‌లో మా ఇంటి వెనక చెక్క డెక్ మీద, బేకింగ్ ట్రేలలో తెల్లటి పార్చ్‌మెంట్ పేపర్ పరిచి వడియాలు పెడుతుంటే ఆ వాసన వచ్చింది. కంచె అవతలి ఇంటివాళ్ళ కెమెరా నా చేతినే చూస్తున్నట్టు అనిపించి కొంచెం పక్కకి జరిగి కూర్చున్నాను. చెట్టు మీద ఉడుత కూడా ఏదో లెక్క వేసుకుంటున్నట్టే ఉంది. నాకు ఎవరి మీదా తొందరగా నమ్మకం కుదరదు.

అప్పుడే మా అమ్మాయి నిత్య ఫోన్ పట్టుకుని బయటికి వచ్చింది. పదో తరగతి చదువుతోంది.

"అమ్మా, వన్ సెకండ్. ముట్టుకోకు. ఫోటో తీస్తా."

"వడియాలకి ఫోటో ఏమిటే? ఎవరికి పంపుతున్నావు?"

"ఎవరికీ కాదు, ఆర్ట్ క్లాస్‌కి. ఇంట్లో ఒక పాటర్న్ ఫైండ్ చేయమన్నారు. ఇది సూపర్ ఉంది. రిపిటిషన్ ఉంది, రిథమ్ ఉంది, నెగటివ్ స్పేస్ కూడా ఉంది."

"అదేమిటి?"

"వడియం లేని ప్లేస్. అది కూడా డిజైన్‌లో పార్టే. అందరూ ఉన్నది చూస్తారు కదా, మనం లేనిది కూడా చూడాలి అంట."

దాని గదిలో గోడకి ఒక అట్ట వేలాడుతూ ఉంటుంది. గీత, ఆకారం, రంగు, ఖాళీ, తూకం, పునరావృతం అంటూ బొమ్మలతో సహా అచ్చు వేసిన అట్ట. దాన్ని చూసినప్పుడల్లా నాకు అనుమానమే. ఇంత సులువుగా గళ్ళలో సర్దిన చదువులో ఏదో ఒకటి వదిలేసి ఉంటారని. కానీ లేనిదాన్ని చూడాలన్న మాట మాత్రం నన్ను అక్కడే కూర్చోబెట్టేసింది. ఆ పాఠం నేను పదేళ్ళ వయసులో, బాపట్లలో మా డాబా మీద, ఒక పాత పంచె ముందు నిలబడి నేర్చుకున్నాను.

మా వీధిలో ధనుర్మాసం అంటే ఆడవాళ్ళ నెల. ఇంకా తెల్లవారకముందే బావుల గిలకలు కిర్రుమనేవి, పేడ కలిపిన నీళ్ళు వాకిళ్ళలో చప్‌చప్‌మని పడేవి, ఆ తడి మట్టి వాసనలోకి కట్టెపొయ్యిల పొగ, రామాలయం నుంచి వచ్చే మిరియాల పొంగలి ఘుమఘుమ, శాలువాల్లోంచి వచ్చే కలరా ఉండల వాసన అన్నీ కలిసిపోయేవి. వీధి మలుపులో హరిదాసు చిడతలు వినిపించేసరికి ముగ్గు పూర్తి కావాలని ప్రతి ఇంటికీ పంతం. మగపిల్లలు గోనెసంచులు కప్పుకుని చలిమంట దగ్గర చేతులు కాచుకునేవాళ్ళు. మేము, ఆడపిల్లలం, గుమ్మడిపూలు ఏ దొడ్డిలో పూశాయో ముందురోజే కనిపెట్టి ఉంచుకుని, గొబ్బెమ్మల కోసం మంచులో తడుస్తూ కోసుకొచ్చేవాళ్ళం. ఎండెక్కాక అరుగు మీద చింతగింజలతో అష్టాచెమ్మా. చుక్కకూర పప్పుతో అన్నం. మళ్ళీ సాయంత్రం అవుతుంటే రేపటి ముగ్గు ఏమిటన్న చర్చ.

ఆ చర్చలో మా వీధి అంతా ఒప్పుకున్న పెద్ద దిక్కు మా పెద్దమ్మ, మా నాన్న అన్నగారి భార్య సీతాయమ్మ. అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. ఆమె వేసిన ముగ్గు నెలంతా మళ్ళీ వెయ్యదు. బొటనవేలికీ రెండు వేళ్ళకీ మధ్య ముగ్గుపిండి పట్టుకుని వదిలితే, గీత మొదట్లో ఎంత లావో చివర్లోనూ అంతే లావు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేది.

"చుక్క పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టమాకే జానకీ, చెయ్యి వణుకుద్ది. గీతని నువ్వు లాగొద్దు, అది చుక్కల మధ్య దారి చూసుకుంటా పోద్ది. నువ్వు వెనకాలే పో."

ఇంకా చెప్పేది. ఒక మూల సరిగ్గా కుదిరితే మిగతా మూలలు అవే వస్తాయని, అన్నిచోట్లా రంగు పోస్తే ఏ రంగూ కనపడదని, ముగ్గు అయ్యాక గేటు స్తంభానికి ఆనుకుని ఒక కన్ను మూసి చూస్తే ఏ వైపు బరువెక్కిందో తెలిసిపోతుందని. నిత్య గోడ మీది అట్టలో ఉన్నవన్నీ ఇవే. ఆమె వాటికి పేర్లు పెట్టలేదు, అంతే.

నా పని చుక్కలు లెక్కపెట్టడం. సాయంత్రం పెద్దమ్మ నా బడిపలక తీసుకుని బలపంతో రేపటి ముగ్గు వేసేది. ఎన్ని చుక్కలు, ఎక్కడివరకు, మొత్తం ఎంత అని నేను సరిచూసి చెప్పాలి. లెక్కలు నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఒంటి చుక్క నుంచి మొదలుపెట్టి ఒకటి, మూడు, అయిదు, ఏడు అని కలుపుకుంటూ పోతే ప్రతిచోటా మొత్తం ఒక నిండు చదరానికి సరిపోతుందని బడి చెప్పకముందే నాకు ఆ పలక చెప్పింది. పెద్దమ్మ పక్కన ఆ పలక పట్టుకుని కూర్చునే చోటు నాది. ఇంట్లో ఇంకే పిల్లకీ లేదు.

మా ఎదురింట్లో కామేశ్వరిగారు ఉండేది. ఆమెదీ మా పెద్దమ్మదీ పుట్టిన ఊరు ఒకటే. కానీ రెండిళ్ళ మధ్యా మాటల్లేవు. వాళ్ళ స్నానాల గది నీళ్ళు వీధి దాటి మా వాకిట్లోకి పారి, ఒక పండగరోజు ముగ్గుని కడిగేశాయి. మగవాళ్ళు కాలవ ఎవరు తవ్వాలని అరుచుకున్నారు. మా నాయనమ్మ, ఇంటికి ఆమె మాటే చట్టం, ఆ రోజు నుంచి ఆ గడప వైపు పెద్దవాళ్ళెవరూ చూడకూడదంది. పిల్లలం మాత్రం వాళ్ళ అమ్మాయి పద్మతో ఆడుకోవచ్చు. వాళ్ళకి మేడ ఉండేది, మాది డాబా. ఆ మేడ కిటికీ మా డాబా మీదికి తెరుచుకుంటుందని కూడా నాయనమ్మకి కోపమే.

ఆ ఏడు నెల పట్టిన కొద్దిరోజులకే ఒక వింత మొదలైంది. పొద్దున్నే మా వాకిట్లో ఏ ముగ్గు పడితే ఎదురింటి వాకిట్లోనూ అదే ముగ్గు. మర్నాడు చూసి వేస్తే ఎవరూ ఏమీ అనుకోరు, వీధిలో అది మామూలే. ఇది అదే పొద్దున, అదే వేళకి. రెండు ఇళ్ళ మధ్య ఒక అద్దం నిలబెట్టినట్టు, ఇటు తామర అయితే అటు తామర, ఇటు చిలకలు అయితే అటు చిలకలు. వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి రెండువైపులా చూసి నవ్వుకుంటూ పోయేవాళ్ళు. నాయనమ్మ దాన్ని వెక్కిరింత కింద లెక్కేసింది.

"మనింట్లోంచి ఎవరో మోసుకెళ్తన్నారు," అంది ఒకరోజు పళ్ళెం ముందు కూర్చుని. అందరూ తలలు వంచుకుని తింటున్నారు. "రాత్రికి పలక మీద ఉన్నది పొద్దున్నకి ఎదురింట్లో ఉందంటే, పలక ఎవరిది?"

పలక నాది. ఎదురింటికి వెళ్ళొచ్చేదాన్నీ నేనే.

"నేను చెప్పలేదు నాయనమ్మా."

"అడగలేదుగా నేను. అప్పుడే జవాబెందుకు చెప్తన్నావు?"

నేను పెద్దమ్మ వైపు చూశాను. ఆమె గిన్నెలోంచి పప్పు తీసి మా నాన్నకి వడ్డిస్తోంది. నా వైపు చూడలేదు.

ఆ రోజు నుంచి పద్మతో ఆటలు మానిపించారు. పలక మీద ముగ్గు వేసేటప్పుడు నన్ను అవతలికి పొమ్మన్నారు. నేను వంటింట్లోకి వెళితే మాట సగంలో ఆగేది. మా అమ్మ కూడా నా జడ వేస్తూ, "చెప్పి ఉంటే చెప్పెయ్యవే, ఏమీ అనర్లే," అంది. ఆ మాట నాయనమ్మ మాటకంటే ఎక్కువ గుచ్చుకుంది. నేను కూడా అందర్నీ అనుమానించడం మొదలుపెట్టాను. పాలు పోసే ఆమె లోపలికి ఎందుకు తొంగి చూస్తుంది? బాబాయి బీడీ కాల్చుకోడానికి ఎదురింటి అరుగు దగ్గరికే ఎందుకు పోతాడు? మా అమ్మకి కామేశ్వరిగారి చీర నచ్చిందని ఒకసారి ఎందుకంది? ప్రతివాళ్ళనీ లెక్కలో పెట్టాను, పెద్దమ్మని తప్ప. ముగ్గు ఆమెదే కదా, ఆమె దొంగతనం ఎలా చేస్తుంది అనుకున్నాను. లెక్క అక్కడే తప్పింది.

ఇంట్లో ఇంకో చిన్న విచిత్రం ఉండేది, దాన్ని దీనితో ఎవరూ కలపలేదు. ఆ నెలంతా పెద్దమ్మ రోజూ గుమ్మడి వడియాలు పెట్టేది. పొద్దున స్నానం కాగానే పిండి గిన్నె పట్టుకుని డాబా ఎక్కేది. ముందురోజువి చాటల్లోకి ఎత్తి, నులక మంచం మీద తాతయ్య పాత పంచెల్లో ఉతికినది ఒకటి పరిచి కొత్త వడియాలు, వాటి పక్కనే మజ్జిగలో ఊరిన మిరపకాయలు ఎండబెట్టేది. సాయంత్రం మంచు పడకుండా మంచాన్ని మెట్ల పైనున్న రేకుల కప్పు కిందికి లాగేది. మోకాళ్ళ నొప్పితో నాయనమ్మ డాబా ఎక్కలేకపోయేది. డబ్బాలు నిండిపోయాయి.

"ఇన్ని వడియాలు ఎవరు తింటారక్కయ్యా, ఇంట్లో పెళ్ళా ఏమన్నానా?" అని మా అమ్మ నవ్వింది.

"ఎండ ఉందిగా," అంది పెద్దమ్మ.

తరవాత జరిగినదాంట్లో సగం నేను చూసింది, సగం చాలా ఏళ్ళకి మా అమ్మ చెప్పింది. ఒకరోజు పొద్దున్నే, పెద్దమ్మ ఇంకా పిండి కలపకముందే, నాయనమ్మ ఆమెని పిలిచి కూర్చోబెట్టింది. తన పుట్టింటి ముగ్గు ఒకటి నేల మీద వేలితో గీసి చూపించింది. తొమ్మిది చుక్కలు, చుక్క కింద చుక్క పడే సరి చుక్కలు, ఒకటి వరకు, నాలుగు మొనలున్న గవ్వలపెట్టె ముగ్గు. ఆ వీధిలో ఎవరికీ తెలియనిది.

"సాయంత్రం ఇది పలక మీద వేసి జానకి ముందు పెట్టు. పొద్దున మాత్రం నీ ముగ్గు నువ్వు వేసుకో, అదేంటో ఎవరికీ చెప్పమాక. ఎదురింట్లో ఈ గవ్వలపెట్టె పడిందంటే దొంగ ఈ పిల్లే."

"అసలేమీ పడకపోతే?" అని పెద్దమ్మ అడిగిందట.

"పడకపోతే భయపడి మానేసిందని అర్థం. అప్పుడూ ఇదే."

పక్కన బియ్యం ఏరుతున్న మా అమ్మకి ఏ వైపు చూసినా నాకు తప్పించుకునే దారి కనపడలేదట. ఎదురింట్లో పెద్దమ్మ ముగ్గే పడితే అన్న మూడో దారి గురించి నాయనమ్మ ఏమీ అనలేదు. ఆమె దాన్ని మర్చిపోయిందా, కావాలనే వదిలేసిందా అన్నది నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ సాయంత్రం చాలారోజుల తరవాత నన్ను పిలిచి పలక చేతిలో పెట్టారు. నేను ఆనందంతో ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి, నలభై ఒకటి అన్నాను. పెద్దమ్మ చెయ్యి నా తల మీద పడింది.

తెల్లవారింది. పెద్దమ్మ వాకిట్లో గవ్వలపెట్టె వెయ్యలేదు. ఏడు చుక్కలు, సందు చుక్కలు, నాలుగు వరకు వచ్చే ఆరు రేకుల పువ్వు వేసింది. నాకేమీ అర్థం కాలేదు. నాయనమ్మ కర్ర ఊతంతో గేటు దాకా వచ్చింది. అలా రావడం ఆ నెలలో అదే మొదటిసారి. మా ముగ్గు చూసింది, తల ఎత్తి ఎదురింటి వాకిలి చూసింది. అక్కడ కామేశ్వరిగారు నడుం నిటారు చేసుకుని చేతుల పిండి దులుపుకుంటోంది. ఆమె కాళ్ళ ముందు ఆరు రేకుల పువ్వు ఉంది, ఒక్క చుక్క తేడా లేకుండా.

పెద్దమ్మ ముగ్గుపిండి ఉన్న డొక్కు రెండు చేతులతో పట్టుకుని నేల వైపు చూస్తోంది. హరిదాసు వచ్చి, బియ్యం పోసేవాళ్ళు లేక, మా అమ్మ పరిగెత్తుకొచ్చేదాకా పాడుతూనే ఉన్నాడు.

చివరికి నాయనమ్మ అంది, "సీతాయమ్మా, వడియాలు చాలు. ఇక ఎత్తెయ్యి."

అంతే. ఎవరి మీదా అరవలేదు. లోపలికి పోతూ నా భుజం మీద చెయ్యి వేసి బరువు ఆనించింది. అది ఆమె నాకు చెప్పిన క్షమాపణ అని నేను అనుకుంటాను. మోకాళ్ళ నొప్పి కూడా అయ్యుండొచ్చు.

వడియాలు తేవడానికి నేనే డాబా ఎక్కాను. ముగ్గుల గొడవలో వడియాల మాట ఎందుకొచ్చిందన్న అనుమానం నన్ను అక్కడికి లాగింది. రేకుల కప్పు కింద మంచం ఉంది. వడియాలు ఒక రోజు ఎండకి పైన గట్టిపడి, అడుగున ఇంకా పంచెకి అతుక్కునే ఉన్నాయి. ఎవరైనా వడియాలు పెడితే చోటు వృథా కాకుండా వరసలుగా పెడతారు. ఇవి నాలుగు, అయిదు, ఆరు, ఏడు, మళ్ళీ ఆరు, అయిదు, నాలుగు. రెండు వడియాల సందులో మరో వడియం. ఒక్క మూలన మాత్రం మజ్జిగ మిరపకాయలు వాటి మధ్య వంపుగా పడుకుని ఒక రేకు గీశాయి. మిగతా అయిదు రేకులు గీయక్కర్లేదు. ఒకటి తెలిస్తే అన్నీ అవే. తల ఎత్తి చూశాను. ఎదురుగా మేడ కిటికీ, దాని రెక్కలు తెరిచే ఉన్నాయి.

మాటలు ఆగిపోయిన ఇద్దరు ఒకే ఊరి ఆడవాళ్ళు రోజూ ఒకే ముగ్గు వేసుకుంటూ ఎదురెదురుగా నిలబడుతున్నారని నాకు అప్పుడు తెలిసింది. నన్ను దొంగ అన్నన్నాళ్ళూ పెద్దమ్మ ఊరుకుందని కూడా అప్పుడే తెలిసింది. ముందురోజు మాత్రం ఆమె ఊరుకోలేదు. తన ముగ్గునే డాబా మీద పెట్టింది. అది ఆమెకి తప్ప ఎవరికీ తెలియదు కాబట్టి, ఎదురింట్లో అది పడగానే ఆమె దొరికిపోయింది, నేను బయటపడ్డాను.

నేను అక్కడితో దిగి వచ్చేస్తే ఈ కథ ఇంత దూరం నా వెంట వచ్చేది కాదేమో. కానీ లెక్కపెట్టే అలవాటు ఉంది కదా, వంగి మళ్ళీ చూశాను. పువ్వుకి పైన, వడియాలేమీ లేని చోట, పంచె మీద ఒక గుండ్రటి మరక ఉంది, మినప్పిండి తడి ఆరి అట్టకట్టిన మరక. కింద ఒకటి. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. వాటినుంచి లోపలికి ఇంకొన్ని మరకలు, కొన్ని కొత్త వడియాల కింద సగం దాక్కుని ఉన్నాయి. నాలుగు మొనలు. తొమ్మిది చుక్కల గవ్వలపెట్టెకి తప్ప ఇంకే ముగ్గుకీ ఆ నాలుగు చుక్కలు అక్కడ పడవు.

అంటే పెద్దమ్మ ముందు దాన్నే పెట్టింది. అది ఎదురింట్లో పడితే నా గతి ఏమవుతుందో తెలిసి, పిండి చేతుల్లోకి తీసుకుని, నలభై ఒక్క చుక్కలూ పెట్టింది. ఆ తరవాత, ఆ మంచం పక్కన ఎంతసేపు నిలబడిందో నాకు తెలియదు, ఒక్కొక్కటే గోరుతో గీకి తీసేసింది.

ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. వడియాలు ఊడదీసి, పంచె నేనే ఉతికి ఆరేశాను. మర్నాడు పెద్దమ్మ ముగ్గుడొక్కు నా ముందు పెట్టి, "చుక్కలు నువ్వే పెట్టవే," అంది. నా చోటు నాకు తిరిగొచ్చింది. ఎదురింట్లో ఆ రోజు నుంచి నెలాఖరు దాకా నాలుగు గీతల ముగ్గు తప్ప ఇంకోటి పడలేదు. పెద్దమ్మ గేటు స్తంభానికి ఆనుకుని ఒక కన్ను మూసి చూసుకునేది, కానీ మా ముగ్గుని కాదు, వీధి అవతలి ఖాళీని. కాలవ తవ్వారు, పద్మకి పెళ్ళయింది, మేడ అమ్ముకుని వాళ్ళు వెళ్ళిపోయారు. ఇద్దరూ మళ్ళీ మాట్లాడుకున్నట్టు నాకు తెలియదు.

పెద్దమ్మ పోయి చాలాకాలమైంది. ఆమె ముందు నన్ను వదిలేసుకుందా, తరవాత నన్ను ఎంచుకుందా అని ఎన్నో ఏళ్ళు రెండు వైపులా తూకం వేశాను. ఒక్కోసారి మరకలవైపు మొగ్గేది, ఒక్కోసారి వడియాలవైపు. అడిగి ఉండొచ్చు. ఆమె చెప్పే జవాబుని నేను నమ్మననుకుని అడగలేదు.

నిత్య డెక్ మెట్ల మీద కూర్చుని, తీసిన ఫోటోని టాబ్లెట్‌లో పెట్టుకుని దాని మీద చుక్కలు గీస్తోంది. ఒకటి వంకరగా పడింది. రెండు వేళ్ళతో తట్టింది, అది మాయమైంది.

"అదెటు పోయింది?" అన్నాను.

"ఎటూ పోలేదు. అన్‌డూ చేశా."

"ఎక్కడుండేదో గుర్తు కూడా మిగలదా?"

"మిగలదు. అదే కదా అమ్మా బెటర్."

నేను ట్రేలోంచి, వరస తప్పిన వడియం ఒకటి ఎత్తి చూశాను. నూనె కాగితంలాంటి ఆ పేపర్ దానికింద తెల్లగా, నున్నగా ఉంది. నమ్మకం కుదరక ఇంకోటి ఎత్తాను. ఏమీ లేదు. ఇక్కడ పిండి దేనికీ అంటుకోదు. వాకిట్లో ముగ్గు లేదు, ముగ్గుని కడిగే నీళ్ళూ లేవు, ఎదురింటివాళ్ళు మనల్ని చూస్తారు కానీ మన చుక్కలు లెక్కపెట్టరు. ఆ రోజు పెద్దమ్మ ఇలాంటి కాగితం మీద వడియాలు పెట్టి ఉంటే, నాకు ఆరు రేకుల పువ్వు ఒక్కటే కనిపించేది. ఆమె నన్ను కాపాడిందని అనుకుని, ఇంత తేలిగ్గా ఎలా కాపాడిందా అని జీవితమంతా అనుమానించేదాన్ని. కొట్టివేత లేని లెక్క చూస్తే నాకు ఇప్పటికీ అలాగే ఉంటుంది, ఎక్కడినుంచో చూసి రాశారనిపిస్తుంది. ఆమె లెక్కలో కొట్టివేత ఉంది. ముందు తప్పు పెట్టి, చూసుకుని, దాన్ని గీకేసి పెట్టిన జవాబు అది. నా దగ్గరున్న జవాబుల్లో నేను నమ్మగలిగింది అదొక్కటే.

లోపలికి వెళ్ళి నా పాత నూలుచీర ఒకటి తెచ్చి, నాలుగు మడతలు వేసి డెక్ బల్ల మీద పరిచాను. మిగిలిన పిండి గిన్నె దగ్గరికి లాక్కున్నాను.

"అమ్మా, దాని మీద స్టెయిన్స్ పడతాయి."

"పడనీ."

మొదటి వడియం పెట్టాను. మధ్యకి రాలేదనిపించింది. గోరుతో తీసి, రెండు వేళ్ళ దూరంలో మళ్ళీ పెట్టాను. నిత్య దగ్గరికి వచ్చి, ఫోన్ ఎత్తి, వడియం వైపు కాకుండా దాని పక్కనున్న తడి మరక వైపు పట్టుకుంది.